1951 బ్రిటన్ ఎన్నికల్లో కన్జర్వేటివ్‌లకు వచ్చినవి 321 సీట్లా, 302 సీట్లా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: 1951 అక్టోబర్ 25న జరిగిన బ్రిటన్ సార్వత్రిక ఎన్నికల ఫలితాలు ముందు ఒక స్ప్రెడ్‌షీట్‌లో ఎక్కించి, తర్వాత తెలుగులో ఒక పేజీగా పెట్టాలనుకుంటున్నారు. ఒకచోట కన్జర్వేటివ్‌లకు 321 అని ఉంది, ఇంకోచోట 302 అని ఉంది. ఓట్ల మొత్తాలు కూడా ఏ రెండు పుస్తకాల్లోనూ సరిగ్గా కలవడం లేదు. ఏది నమ్మాలి, ఏది పెట్టాలి?

సూటిగా చెప్తా. రెండూ కరెక్టే. 302 కన్జర్వేటివ్‌ల సొంత లెక్క. దానికి వాళ్లతో కలిసి నడిచిన నేషనల్ లిబరల్‌ల 19 కలిపితే 321. మీ పేజీలో 321 పెట్టి, పక్కనే "నేషనల్ లిబరల్‌లు 19 మందితో కలిపి" అని రాయండి. సంఖ్య ఒక్కటే పెడితే అది సగం ఫలితమే, ఏం కలిపి లెక్కపెట్టారో పక్కన ఉంటేనే పూర్తి ఫలితం. మిగతావి లేబర్ 295, లిబరల్ 6, ఐరిష్ నేషనలిస్ట్‌లు 2, ఐరిష్ లేబర్ 1. మొత్తం 625, సరిపోయింది.

మనకిది కొత్తేం కాదు. 2024లో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో 175కి 164 అని ఒకరు, 135 అని ఒకరు రాస్తే మనం కంగారుపడం, ఒకటి కూటమి లెక్క, ఒకటి టీడీపీ లెక్క అని చూడగానే తెలుస్తుంది. 70 ఏళ్ల కిందటి పరాయి దేశం ఎన్నిక కాబట్టి ఆ తెలియడం మనకు ఉండదు, అంతే తేడా. నిజానికి 1951కి మూడో సంఖ్య కూడా ఉంది. ఆ 302లో ఉత్తర ఐర్లండ్ నుంచి గెలిచిన అల్‌స్టర్ యూనియనిస్ట్‌లు 9 మంది ఉన్నారు. వాళ్లనూ విడిగా చూపిస్తే 293. ఎక్కడైనా 293 కనబడితే తప్పనుకుని కొట్టేయకండి.

నేను పాత ఎన్నికల ఫలితాలను డేటాగా మార్చే పనిలో చాలా ఏళ్లు ఉన్నా, అందులో ఎక్కువ భాగం బ్రిటన్‌వే. ఆ అనుభవంతో చెప్తున్నా, ఈ పనిలో జనం దెబ్బతినేది కూడికల్లో కాదు, ఏ గడిలో ఏం వేయాలి అన్న దగ్గర.

మొదట పార్టీ పేరు సంగతి. మీ షీట్‌లో పార్టీకి ఒక కాలమ్ కాదు, రెండు కాలమ్‌లు పెట్టుకోండి. మొదటిది ఆ అభ్యర్థి ఆ రోజు ఏ పేరుతో నిలబడ్డాడో యథాతథంగా. రెండోది మీరు మొత్తాలు వేసుకోవడానికి పెట్టుకున్న గుంపు పేరు. 1947లో కన్జర్వేటివ్‌లకూ నేషనల్ లిబరల్‌లకూ ఒప్పందం కుదిరాక చాలా నియోజకవర్గాల్లో రెండు సంఘాలూ కలిసిపోయాయి. అభ్యర్థులు "కన్జర్వేటివ్ అండ్ లిబరల్", "లిబరల్ అండ్ కన్జర్వేటివ్", "నేషనల్ లిబరల్ అండ్ కన్జర్వేటివ్" అని రకరకాల పేర్లతో పోటీ చేశారు. మీరు పేరులో లిబరల్ అన్న మాట చూసి లిబరల్ ఖాతాలో వేశారనుకోండి, మొత్తం తారుమారైపోతుంది. అసలు లిబరల్ పార్టీవి 6 సీట్లే.

ఇంకో చిక్కు ఏంటంటే, అప్పటి బ్యాలెట్ పేపర్ మీద పార్టీ పేరే ఉండేది కాదు. 1969 చట్టం తర్వాత, 1970 ఎన్నికల్లోనే మొదటిసారి అభ్యర్థి పేరుతో పాటు పార్టీ ఏదో చెప్పే చిన్న వివరణ బ్యాలెట్ మీదికి వచ్చింది. అంటే 1951లో రిటర్నింగ్ అధికారి మైకు ముందు ప్రకటించింది పేర్లు, ఓట్లు మాత్రమే. పక్కన మీరు చూస్తున్న పార్టీ పేరు పత్రికలవాళ్లో, పార్టీ ఆఫీసులో, తర్వాత సంకలనం చేసినవాళ్లో పెట్టింది. పుస్తకాల మధ్య తేడాలు రావడానికి సగం కారణం ఇదే. షాపుర్జీ సక్లత్‌వాలా పేరు మీరు వినే ఉంటారు, బొంబాయి పార్సీ, లండన్‌లో బాటర్‌సీ నార్త్ నుంచి ఎంపీ అయ్యాడు. కమ్యూనిస్ట్ పార్టీ సభ్యుడై ఉండి 1922లో లేబర్ మద్దతుతో గెలిచాడు, 1923లో ఓడిపోయాడు, 1924లో కమ్యూనిస్ట్‌గానే నిలబడి మళ్లీ గెలిచాడు. మనిషి అదే, సీటు అదే, రెండు వరుసల్లో రెండు పార్టీలు. ఒక్క కాలమ్ పెట్టుకుని "మొదటినుంచీ కమ్యూనిస్టే కదా" అని 1922ని కూడా దిద్దేస్తే, ఆ ఏడాది లేబర్ మొత్తంలో ఒకటి తగ్గుతుంది, ఎందుకు తగ్గిందో తర్వాత మీకే అంతుపట్టదు.

ఇప్పుడు నా సొంత తప్పు. ఈ పనిలో కొత్తగా ఉన్నప్పుడు నాకు 1950, 1951 ఫలితాలు పక్కపక్కన పెట్టి లిబరల్‌ల సంగతి తేల్చమని అప్పజెప్పారు. షీట్‌లో ఖాళీ గడులు చూస్తే చిరాకు, అన్నిట్లో 0 నింపేశా. సగటు తీస్తే లిబరల్‌లు ఒక్క ఏడాదిలో కుప్పకూలినట్టు వచ్చింది. రెండు పేజీలు రాసి పంపించేశా కూడా. అది చూసిన పెద్దాయన ఒక్క ముక్క అడిగారు, "వీళ్లు ఎంతమంది పోటీ చేశారమ్మా?" అని. 1950లో 475 మంది. 1951లో 109 మంది. డబ్బుల్లేవు, 1950లో 319 మందికి డిపాజిట్లు గల్లంతయ్యాయి (అప్పట్లో డిపాజిట్ 150 పౌండ్లు, పోలైన ఓట్లలో ఎనిమిదో వంతు రాకపోతే పోయినట్టే), అందుకని రెండోసారి చాలాచోట్ల అసలు నిలబడనే లేదు. దేశం మొత్తం మీద వాళ్ల ఓట్లు 9.1 శాతం నుంచి 2.6 శాతానికి పడ్డాయంటే ముందు ఈ సంగతి చెప్పాలి. సున్నా ఓట్లు రావడం వేరు, పోటీలో లేకపోవడం వేరు. పోటీ చేయకపోతే గడి ఖాళీగా వదిలేయండి, 0 వేయకండి.

1951లో ఇది ఎంత ముఖ్యమో బోల్టన్ చూస్తే తెలుస్తుంది. ఆ ఊళ్లో రెండు సీట్లు. బోల్టన్ వెస్ట్‌లో కన్జర్వేటివ్‌లు నిలబడలేదు, లిబరల్‌కి వదిలేశారు. బోల్టన్ ఈస్ట్‌లో లిబరల్‌లు నిలబడలేదు, కన్జర్వేటివ్‌కి వదిలేశారు. రెండు సీట్లూ లేబర్‌ని ఓడించడానికి లోకల్‌గా కుదుర్చుకున్న సర్దుబాటు. వెస్ట్‌లో లిబరల్ ఆర్థర్ హోల్ట్ గెలిచాడు. హడర్స్‌ఫీల్డ్‌లోనూ ఇలాంటిదే జరిగింది. మీరు బోల్టన్ వెస్ట్‌లో కన్జర్వేటివ్‌కి 0 వేసి, 1950తో పోల్చి "ఇంత శాతం పడిపోయింది" అని ఎర్ర బాణం గుర్తు పెట్టారనుకోండి, లెక్క ప్రకారం తప్పు కాదు, చదివేవాడికి మాత్రం పచ్చి అబద్ధం.

ఇలాంటిదే ఏకగ్రీవాల సంగతి. 1951లో 4 సీట్లు ఏకగ్రీవం. నాలుగూ ఉత్తర ఐర్లండ్‌లోవే, నాలుగూ యూనియనిస్ట్‌లవే. బ్రిటన్ సార్వత్రిక ఎన్నికల్లో ఏకగ్రీవాలు అదే ఆఖరు. 2024 లోక్‌సభలో సూరత్ గుర్తుంది కదా, సీటు లెక్కలోకి వచ్చింది, ఓటు ఒక్కటీ పడలేదు. అదే ఇక్కడా. సీట్ల కాలమ్‌లో ఆ నాలుగూ ఉండాలి, ఓట్ల కాలమ్‌లు ఖాళీగా ఉండాలి. పోలింగ్ శాతం తీసేటప్పుడు ఆ నాలుగు చోట్ల ఓటర్ల సంఖ్యను కూడా పక్కన పెట్టాలి, లేకపోతే వేసే అవకాశమే లేనివాళ్లను ఓటు వేయనివాళ్ల కింద కట్టినట్టు అవుతుంది. పోటీ జరిగిన చోట్ల తీసుకుంటే పోలింగ్ 82.6 శాతం. మీకు దానికంటే తక్కువ వస్తోందంటే ముందు చూడాల్సింది ఇక్కడే.

1951 గురించి అందరూ చెప్పే మాట ఒకటుంది, లేబర్‌కి ఓట్లు ఎక్కువ వచ్చాయి, సీట్లు తక్కువ వచ్చాయి అని. నిజమే. లేబర్‌కి సుమారు 1 కోటి 39 లక్షల ఓట్లు (48.8 శాతం), కన్జర్వేటివ్‌లకు మిత్రులతో కలిపి సుమారు 1 కోటి 37 లక్షలు (48.0 శాతం). లేబర్ ప్రధాని అట్లీ ఓడిపోయాడు, కన్జర్వేటివ్ నేత చర్చిల్ వచ్చాడు. హెడ్‌లైన్‌గా బాగుంటుంది, పెట్టుకోండి. కానీ పక్కన ఒక వాక్యం రాయండి: నాలుగు యూనియనిస్ట్ కంచుకోటల్లో ఓటింగే జరగలేదు, జరిగి ఉంటే ఆ 2 లక్షల 30 వేల తేడా తగ్గేది. ఓట్ల మొత్తాల్లో చివరి మూడంకెలు పుస్తకం పుస్తకానికి మారుతున్నాయని మీరన్నారు, అవును, మారతాయి. దాని గురించి టెన్షన్ పడకండి. ఏదో ఒక సంకలనాన్ని ఎంచుకుని మొదటినుంచి చివరిదాకా అదే వాడండి. ఒక పుస్తకం నుంచి లేబర్ ఓట్లు, ఇంకో పుస్తకం నుంచి కన్జర్వేటివ్ ఓట్లు తెచ్చి ఒకే పట్టికలో పెట్టడం మాత్రం వద్దు.

"అధికారిక లెక్క ఎక్కడ దొరుకుతుంది?" అని కూడా అడిగారు. మనకి ఎన్నికల సంఘం ఉంది, ప్రతి ఎన్నికకూ దాని నివేదిక ఉంటుంది కాబట్టి బ్రిటన్‌లోనూ అలాగే ఉంటుందనుకుంటాం. అక్కడ ఎలక్టోరల్ కమిషన్ పుట్టిందే 2000 నాటి చట్టంతో. అంతకుముందు ప్రతి నియోజకవర్గంలో రిటర్నింగ్ అధికారి ప్రకటించిందే ఫలితం, అన్నీ కలిపి దేశం లెక్క ఇదీ అని చెప్పే సంస్థ లేదు. ఎఫ్.డబ్ల్యూ.ఎస్. క్రెయిగ్ లాంటివాళ్లు ఏళ్ల తరబడి కూర్చుని పాత ఫలితాలన్నీ కూడబెట్టబట్టి మనం ఈరోజు ఇంత తేలిగ్గా మాట్లాడుకుంటున్నాం. పార్లమెంట్ దిగువసభ లైబ్రరీ కూడా మంచి పట్టికలు ఇస్తుంది. అందుకే దేశం మొత్తాలతో మొదలుపెట్టి కిందికి దిగకండి. 625 వరుసలు ముందు, మొత్తాలు ఆ వరుసల నుంచి ఫార్ములాతో రావాలి, చేత్తో టైప్ చేయకూడదు.

బూత్‌ల వారీగా ఇవ్వగలమా అన్నారు. కుదరదు. మన దగ్గర ఫారం 20లో ఏ బూత్‌లో ఎవరికెన్ని పడ్డాయో ఉంటుంది. బ్రిటన్‌లో ఒక పోలింగ్ కేంద్రం పేపర్లను వేరే కేంద్రాల పేపర్లతో కలిపేశాకే అభ్యర్థుల వారీగా లెక్కపెట్టాలని రూలు. నేను బ్రిటన్‌లో ఒకసారి కౌంటింగ్ అసిస్టెంట్‌గా కూర్చున్నా. రాత్రి పది దాటాక పెట్టెలు ఒక్కొక్కటీ వస్తాయి, బల్ల మీద బోర్లిస్తారు, ముందు ఎన్ని పేపర్లు ఉన్నాయో మాత్రమే లెక్కపెట్టి పోలింగ్ కేంద్రం ఇచ్చిన లెక్కతో సరిచూస్తాం, బల్ల అవతల పార్టీల ఏజెంట్లు మెడలు సాచి చూస్తూ కాగితం మీద గీతలు గీసుకుంటుంటారు. ఆ తర్వాత అన్నీ కలిపేసి అభ్యర్థుల వారీగా కట్టలు కట్టడం మొదలవుతుంది. ఆ ఏజెంట్ల గీతలే బూత్ లెక్కకు దగ్గరగా ఉండేవి, అవి పార్టీల దగ్గరే ఉండిపోతాయి. కాబట్టి ఎవరైనా బ్రిటన్ బూత్ వారీ ఫలితాలు ఇస్తామంటే అనుమానించండి.

తర్వాత మారిపోయిన ఫలితాల మాట. 1951లో మీకు ఈ బాధ పెద్దగా లేదు గానీ, వేరే ఏళ్లకూ చేస్తానన్నారు కాబట్టి చెప్తున్నా. 1997లో వించెస్టర్‌లో లిబరల్ డెమొక్రాట్ మార్క్ ఓటెన్ 2 ఓట్లతో గెలిచాడు, 26,100కి 26,098. కోర్టు ఆ ఎన్నిక చెల్లదంది, నవంబర్‌లో ఉపఎన్నిక పెడితే అదే మనిషి 21,556 మెజారిటీతో గెలిచాడు. 1955లో ఉత్తర ఐర్లండ్‌లోని మిడ్ అల్‌స్టర్‌లో ఐరిష్ జాతీయవాద పార్టీ సిన్ ఫెయిన్ తరఫున జైల్లో ఉన్న టామ్ మిచెల్ గెలిచాడు, అనర్హుడన్నారు, ఉపఎన్నికలో మళ్లీ గెలిచాడు, మళ్లీ అనర్హుడన్నారు, సీటు ఓడిపోయిన చార్లెస్ బీటీకి ఇచ్చారు, ఆయన ప్రభుత్వ జీతం వచ్చే పదవిలో ఉన్నాడని తేలి ఆయనా అనర్హుడయ్యాడు. నా పద్ధతి ఏంటంటే, సార్వత్రిక ఎన్నికల పట్టికలో ఆ ఎన్నికలో ప్రకటించిందే ఉంచుతా, తర్వాత జరిగింది పక్కన ఒక నోట్ కాలమ్‌లో రాస్తా. కొందరు చివరికి సీటు ఎవరికి దక్కిందో వాళ్ల పేరు పెడతారు. అదీ తప్పు కాదు, కాకపోతే ఏదో ఒకటే పాటించాలి, అదేంటో పేజీ పైన రాయాలి.

ఒక్క ఏడాదిని ఇంకో ఏడాదితో పోల్చేటప్పుడు ఇంకా జాగ్రత్త. 1950, 1951 రెండిట్లోనూ 625 సీట్లే కాబట్టి మీ పని సులువు. 1945కి వెళ్లారంటే తలనొప్పి: 640 సీట్లు, అందులో యూనివర్సిటీలవి 12, రెండేసి సభ్యులున్న నియోజకవర్గాలు 15, అక్కడ ఒక్కో ఓటరుకి రెండు ఓట్లు, అంటే అక్కడ పడిన ఓట్ల మొత్తం ఓటు వేసినవాళ్ల సంఖ్యను దాటిపోతుంది. 1970లో కన్జర్వేటివ్‌లు 330 అంటే అందులో అల్‌స్టర్ యూనియనిస్ట్‌లు 8 మంది ఉన్నారు. 1974 ఫిబ్రవరిలో 297 అంటే వాళ్లు లేరు, అప్పటికి విడిపోయారు. ఈ రెంటినీ తీసివేసి 33 సీట్లు పోయాయని రాసేస్తే, అందులో కొన్ని ఓటర్లు పోగొట్టినవి కాదు, పేరు మార్పుతో పోయినవి. 2024లో ఇంకో రకం: కన్జర్వేటివ్‌లు 121కి పడ్డారు, 2019లో నిజంగా గెలిచింది 365, ఆ లెక్కన పోయినవి 244. కానీ టీవీల్లో 251 అన్నారు. ఎందుకంటే మధ్యలో నియోజకవర్గాల హద్దులు మారాయి, కొత్త హద్దులతో 2019 జరిగి ఉంటే 372 వచ్చేవని అంచనా వేసి దానితో పోల్చారు. అంచనాతో పోలికైతే అంచనా అని రాయాలి.

స్పీకర్‌ని మర్చిపోకండి. స్పీకర్‌గా ఉండి మళ్లీ నిలబడేవాళ్లు పార్టీ పేరు లేకుండా "స్పీకర్" అనే నిలబడతారు, పెద్ద పార్టీలు సాధారణంగా పోటీ పెట్టవు. 1997లో లేబర్‌కి 418 అని కొందరు, 419 అని కొందరు రాసేది బెటీ బూత్‌రాయిడ్ ఒక్కరి వల్లే. మెజారిటీ 179 అన్నది ఆవిడని కలిపితేనే వస్తుంది.

మెజారిటీ అన్నా కదా, తెలుగులో రాసేటప్పుడు ఈ మాటతో పెద్ద గొడవ. మనకి అభ్యర్థి ఎన్ని ఓట్లతో గెలిచాడో అదీ మెజారిటీనే, ప్రభుత్వం ఏర్పాటుకి కావాల్సిన 272 లాంటి సంఖ్యా మెజారిటీనే. బ్రిటన్‌వాళ్లు "1951లో చర్చిల్ మెజారిటీ 17" అంటే, మిగతా అందరి కంటే 17 సీట్లు ఎక్కువ అని, 321 లోంచి 304 తీసేస్తే వచ్చేది. దీన్ని "మెజారిటీ మార్కు కంటే 17 ఎక్కువ" అని తెలుగులో రాసినవాళ్లను చూశా. మార్కు 313, దానికంటే ఎక్కువ వచ్చింది 8 మాత్రమే. మీ పేజీలో "మిగతా అన్ని పార్టీల మొత్తం కంటే 17 సీట్లు ఎక్కువ" అని విడమరిచి రాసేయండి, చదివేవాళ్లకు హాయి.

"బ్రిటన్" అన్న మాట కూడా చూసుకోండి. ఉత్తర ఐర్లండ్‌ని కలిపితే ఒక శాతం, కలపకపోతే ఇంకో శాతం. 1997లో లేబర్‌కి యునైటెడ్ కింగ్‌డమ్ మొత్తంలో 43.2 శాతం, ఉత్తర ఐర్లండ్ తీసేస్తే 44.3. రెండూ కనబడతాయి, రెండిటినీ మనవాళ్లు "బ్రిటన్" అనే రాస్తారు.

అంకెలు మన పద్ధతిలో లక్షలు, కోట్లలో ఇవ్వండి, కానీ షీట్‌లో కామాలు లేకుండా దాచుకుని పేజీలోకి వెళ్లేటప్పుడు మాత్రమే మార్చండి. మిలియన్ కామాలున్న కాలమ్‌ని మన కామాలలోకి చేత్తో మారుస్తూ ఒక సున్నా మింగేయడం నేను చూసిన పొరపాట్లలో అతి మామూలుది. స్కాన్ చేసిన పుస్తకం నుంచి ఎక్కిస్తుంటే 3, 8 ఒకదానికొకటి మారిపోతుంటాయి. ప్రతి వరుసలో అభ్యర్థుల ఓట్లు కూడితే ఆ నియోజకవర్గం మొత్తం రావాలి, మొదటి ఇద్దరి తేడా పుస్తకంలోని మెజారిటీతో కలవాలి. ఈ రెండు చెక్‌లు పెడితే దొంగ దాదాపు ప్రతిసారీ దొరుకుతాడు. వెస్ట్ బెల్‌ఫాస్ట్‌లో ఆ ఏడాది ఐరిష్ లేబర్ జాక్ బీటీ గెలిచింది 25 ఓట్లతో, అలాంటి వరుసలో ఒక్క అంకె తప్పినా విజేతే మారిపోతాడు.

మ్యాప్ గురించి ఒక్క మాట. మామూలు మ్యాప్ మీద రంగులు వేస్తే పొలాలూ కొండలూ ఉన్న పెద్ద నియోజకవర్గాలే కళ్లకు కనిపిస్తాయి, లండన్, మాంచెస్టర్ చుక్కల్లా ఉంటాయి. 1951కి అలా వేస్తే చర్చిల్ ఊడ్చేసినట్టు ఉంటుంది. సీటుకి ఒక గడి చొప్పున సమానంగా వేసే మ్యాప్ పెట్టండి, ఏకగ్రీవాలకు గీతల గడి వాడండి.

వీలైతే ముందు బోల్టన్ వెస్ట్, బోల్టన్ ఈస్ట్, ఆ నాలుగు ఏకగ్రీవాలు, ఈ ఆరు వరుసలు మాత్రం నింపి షీట్ పెట్టండి, చూసి చెప్తా. అవి సరిగ్గా కూర్చుంటే మిగతా 619 టైపింగ్ పనే.